సోఫాలో 62, దివాన్ మీద 81

రెండేళ్ల పాటు మా అమ్మ ఒకే మాట అంటూ వచ్చింది: "నువ్వు సినిమా పెడితే నాకు గుండెల్లో కొడుతుంది నాయనా." రెండేళ్లూ నా జవాబు కూడా ఒకటే: "అసలు బేస్ సరిగ్గా రావడమే లేదమ్మా." ఒకే హాల్లో, ఏడడుగుల ఎడంలో కూర్చుని, బేస్‌ను, అంటే కింది స్వరాలను, మోగించే ఒకే సబ్‌వూఫర్ పెట్టె గురించి మేమిద్దరం అంటున్న మాటలివి. వయసు మీద పడి ఆమెకు శబ్దం గిట్టడం లేదని నేను అనుకున్నాను. కొడుకుకు చెవుడు వస్తోందేమోనని ఆమె అనుకుని ఉంటుంది.

మొన్న మే నెలలో మైకు పెట్టి కొలిచాను. 38 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 38 సార్లు అదిరే బాగా కింది స్వరం, నేను కూర్చునే సోఫా దగ్గర 62 డెసిబెల్స్ (శబ్దం ఎంత బిగ్గరో చెప్పే కొలత), అమ్మ నడుం వాల్చే దివాన్ దగ్గర 81. అంటే రెండేళ్లుగా ఇద్దరం నిజమే చెబుతున్నాం. నేను మాత్రం నా సోఫా నిజాన్ని ఇంటికంతా అంటగట్టాను. నాకు చాలడం లేదని మీట తిప్పిన ప్రతిసారీ ఆ దెబ్బ వెళ్లి తగిలింది ఆమెకు.

మా ఇల్లు కడపలో, ఎర్రముక్కపల్లిలో. హాలు పొడవు 15 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. పొడవులో ఒక కొస గోడకు టీవీ, ఎదురు కొసన వంటింటి గుమ్మం, ఆ గుమ్మం పక్కన గోడకు ఆనించి దివాన్. సోఫా సరిగ్గా నడుమ ఉంటుంది, ఎందుకంటే దాని వెనక నుంచే వంటింట్లోకి దారి. కింద నాపరాయి. కడప రాయి అని దేశమంతా ఎవరెవరో కొనుక్కుంటారు గానీ మాకది నేల, గట్టు, గోడలో అర, వాకిట్లో అరుగు. వేసవిలో దాని మీద వట్టి వీపుతో పడుకుంటే ఉండే సుఖం వేరు. ధ్వనికి మాత్రం అది అద్దం లాంటిది. పడిన శబ్దాన్ని పడినట్టే తిరిగి పైకి కొడుతుంది. పైన కాంక్రీటు కప్పు, చుట్టూ సిమెంటు పూత గోడలు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొడితే తీగ మీటినట్టు 'జీం' అని ఒక తోక వినిపిస్తుంది. మాటల్లోని హల్లులన్నీ ఆ తోకలోనే నలిగిపోతాయి.

హోమ్ థియేటర్ సామాను అమ్మిన దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి సబ్‌వూఫర్‌ను టీవీ పక్క మూలలో పెట్టాడు. వెనక ఉన్న మీటను ముప్పావు దాకా తిప్పి, ఒక పోరాట దృశ్యం పెట్టి, "చూడండి సార్, ఎలా ఉందో" అన్నాడు. బాగుంది. పరాయివాళ్ల ఇంట్లో పది నిమిషాలు వింటే ఏ సబ్ అయినా బాగుంటుంది. అతన్ని తప్పు పట్టను. మూలలో పెడితే ఎక్కువ మోగుతుందన్నది నిజం. మూడు దిక్కుల నుంచి గోడల, నేల ఊతం దొరుకుతుంది కాబట్టి. అతనికి కావలసింది ఎక్కువ మోగడమే, ఆ రోజు నాకు కావలసిందీ అదే.

తర్వాత సర్దుబాట్లన్నీ చెవితోనే సాగాయి. మాటలు వినపడవు, శబ్దం పెంచు. పాట రాగానే ఇల్లు అదురుతుంది, తగ్గించు. రిమోటు చేతిలోనుంచి దించిన సినిమా లేదు. ఈ గొడవ తెలుగిళ్లలో చాలా మందికి ఉంది. అందరూ సినిమా తీసినవాళ్లను తిడతారు, లేదా పెద్ద రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) కొంటారు. నేనూ పన్నెండంగుళాల సబ్ ధర కనుక్కున్నాను. కొని ఉంటే అమ్మ మీద ఇంకో నాలుగు డెసిబెల్స్ మోపి ఉండేవాణ్ని.

నాకొక మిత్రుడున్నాడు, సంగీతం బాగా వింటాడు. మీటరు మాట ఎత్తగానే కోపం వస్తుంది అతనికి. "సంగీతం చెవికిరా, మీటరుకు కాదు" అంటాడు. వినడానికి ఎదురులేని వాదన లాగే ఉంటుంది. కానీ కచేరీ మొదలయ్యే ముందు ఏమి జరుగుతుందో అతనికి నాకంటే బాగా తెలుసు. తంబురా మోగుతూ ఉంటుంది. మృదంగం వాయించేవారు ఎడమ పక్క తొప్పి మీద తడి రవ్వ ముద్ద అద్దుతారు, కొట్టి చూస్తారు, కాస్త గీరేస్తారు, మళ్లీ అద్దుతారు. అదంతా మంద్ర ధ్వనిని కుదుర్చుకునే పనే. కొలత లేని చెవిని వాళ్లూ నమ్మరు, ముందు శ్రుతి పెట్టుకుని ఆ తర్వాతే మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లుకునే సంగీతానికి, వస్తారు. మన హాల్లో ఆ శ్రుతి పెట్టే పని ఎవరూ చేయరు, నేరుగా మనోధర్మమే. పైగా చెవికి మతిమరుపు ఎక్కువ. రెండు శబ్దాల్లో కాస్త బిగ్గరగా ఉన్నదే మంచిదిగా తోస్తుంది, పది నిమిషాల్లో దానికి అలవాటు పడి ఇంకాస్త అడుగుతుంది. కూరలో ఉప్పు లాగా.

సరే, దేనితో కొలవాలి? మొదట ఫోనులో ఒక యాప్ వేసి చూశాను. ఫోను మైకు మనిషి గొంతు కోసం చేసింది. స్పీకర్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఫరవాలేదు గానీ సబ్ దగ్గర దాని మాట నమ్మలేం. అంతకంటే పెద్ద మోసం ఇంకొకటుంది. చాలా యాప్‌లు 'ఎ' తూకంలో కొలుస్తాయి. మెల్లని శబ్దాలకు మనిషి చెవి స్పందించే తీరును అనుకరించే తూకం అది, కింది స్వరాలను బాగా కోసేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర 34.6 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. 'సి' తూకం అలా కోయదు, 31.5 హెర్ట్జ్ దగ్గర కూడా పోయేది 3 డెసిబెల్సే. కాబట్టి స్పీకర్ల మట్టం సరిచేసేటప్పుడు మీటరును 'సి'లో, నిదానంగా కదిలే అమరికలో పెట్టుకోవాలి. ఈ తేడా తెలిశాక ఇంకో సంగతి అర్థమైంది. మన శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 సంవత్సరంవి, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 దాటితే 45 డెసిబెల్స్ అంటాయి, అదీ 'ఎ' తూకంలోనే. అంటే 40 హెర్ట్జ్ స్వరం 80 డెసిబెల్స్‌తో పక్కింటి కిటికీ రెక్కలను వణికిస్తున్నా మీటరు మీద దాదాపు 45కే ఆగుతుంది. పక్కింటివారి నిద్ర మాత్రం 'సి' తూకంలో చెడుతుంది.

చివరికి కంప్యూటర్‌కు తగిలించే కొలత మైకు ఒకటి తెప్పించాను, మినీడీఎస్పీ వారి యూమిక్-1. ఏ మైకుకు ఆ మైకు పరీక్షించి, అది ఎక్కడ ఎంత తప్పు చూపుతుందో తెలిపే ఫైలు దాని సంఖ్యతో ఇస్తారు. నాకు నచ్చింది అదే. తన తప్పు తాను రాసి ఇచ్చే వస్తువు ఇంట్లో ఇంకేదీ లేదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మైకు నిలబెట్టడానికి కెమెరా స్టాండు ఎరువు తెచ్చాను. మైకును సోఫా వీపు మీద ఆనించి పెట్టకూడదు, చేత్తో పట్టుకోకూడదు. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, చుట్టూ ఏమీ తగలకుండా నిలబడాలి.

ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి కదా. తెల్లవారుజామున చేద్దామంటే ఒక పక్క అజాన్, ఇంకో పక్క సుప్రభాతం, ఆ తర్వాత పాల బండ్లు. రాత్రి చేద్దామంటే ఆ జరజర శబ్దానికి వీధంతా లేస్తుంది. కడపలో వీధి మొత్తం చప్పుడు లేకుండా ఉండేది మే నెల మధ్యాహ్నం రెండు గంటలకే. అప్పుడు ఫ్యాను ఆపాలి! మీటరు పెట్టి చూస్తే ఫ్యాను గాలి ఒక్కటే 'సి' తూకంలో అరవై దాటింది, ఆపక తప్పలేదు. ఫ్రిజ్ కూడా ఆపాను. అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి, నన్నూ మైకునూ ఒకసారి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయింది.

రిసీవర్ తనంతట తానే ఒక్కో స్పీకరులో పింక్ నాయిస్ మోగిస్తుంది. ప్రతి సప్తకంలోనూ సమానమైన శక్తి ఉండే హోరు అది, దూరంగా జలపాతం పడుతున్నట్టు ఉంటుంది. ఇళ్లలో వాడే పరీక్ష శబ్దానికి కూర్చునే చోట 75 డెసిబెల్స్ రావాలని వాడుక. సినిమా హాల్లో తెర వెనక స్పీకరు ఒక్కొక్కటీ 85 చూపేలా సరిచేస్తారు. ఇంటి రిసీవర్లు పరీక్ష శబ్దాన్నే 10 డెసిబెల్స్ తక్కువలో మోగిస్తాయి కాబట్టి 75 అన్నా అదే మట్టం. చెవులు కాపాడుకోవడానికి కూడా ఇదే మేలు.

చెవితో రెండేళ్లు సర్దిన నా పనితనం ఇలా బయటపడింది. ఎడమ స్పీకరు 75, కుడిది 76, మాటలు పలికే మధ్య స్పీకరు 71, సోఫా పక్కన పెట్టిన వెనక స్పీకర్లు 78. సినిమాలో మాటలు దాదాపు మొత్తం మధ్య స్పీకరులోంచే వస్తాయి. దాన్నే టీవీ బల్ల అరలో లోపలికి తోసి, నోటికి గుడ్డ కట్టినట్టు చేశాను. బయటికి లాగి, అర అంచుకు సమంగా పెట్టి, నాలుగు డెసిబెల్స్ పెంచాను. వెనకవి మూడు తగ్గించాను. పది నిమిషాల పని. మాటలు వినపడవన్న ఫిర్యాదులో సగం ఆ పది నిమిషాల్లోనే పోయింది. ఎవరింట్లోనైనా ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయమంటాను.

సబ్ అంత తేలిగ్గా లొంగలేదు. అక్కడ అందరూ తడబడే మాట ఒకటి ముందే చెప్పాలి. 5.1 శబ్దంలో, అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్ ఉన్న అమరికలో, ఆ '.1' ఉరుముల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన దారి. దాన్ని రికార్డింగులో 10 డెసిబెల్స్ తక్కువగా రాసి, వినిపించేటప్పుడు రిసీవరే ఆ పదీ కలుపుతుంది. ఇది సగం చదివినవారు, సబ్‌ను చేత్తో ఇంకో పది పెంచుతారు. వద్దు. పరీక్ష శబ్దానికి మిగతా స్పీకర్లతో సమానంగా 75 వస్తే చాలు. తర్వాత రుచి కోసం రెండు మూడు డెసిబెల్స్ పెంచుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అలాగే, రిసీవర్ తానే కొలుచుకుని సబ్ మట్టాన్ని అట్టడుగు అంకె దగ్గర ఆపిందంటే సరిగ్గా కొలిచిందని కాదు, ఇంకా దిగడానికి దానికి మెట్లు లేవని. అప్పుడు సబ్ వెనక మీట తగ్గించి మళ్లీ కొలవాలి. నా దాంట్లో సరిగ్గా అదే జరిగింది.

మీట తగ్గించి 75కు తెచ్చాక, కింది నుంచి పైకి ఈలలా పాకే స్వరాన్ని మోగించి, ఏ స్వరం ఎంత బిగ్గరగా వస్తోందో చూపే గీత తీశాను. సోఫా దగ్గర గీత 38 హెర్ట్జ్ వద్ద గోతిలో పడింది. మైకును దివాన్ దగ్గరికి మారిస్తే అదే చోట గుట్ట లేచింది. 62, 81.

నీళ్లు నింపిన వెడల్పాటి పళ్లాన్ని రెండు చేతులా పట్టుకుని నడిచి చూడండి. నీళ్లు ఈ అంచు దగ్గర లేస్తే ఆ అంచు దగ్గర దిగుతాయి, నడుమ దాదాపు కదలవు. గదిలో గాలి ఒత్తిడి కూడా అంతే. ధ్వని సెకనుకు సుమారు 1,145 అడుగులు పోతుంది, మా ఎండలకు ఇంకాస్త ఎక్కువే. గది పొడవుకు రెట్టింపు, అంటే 30తో భాగిస్తే 38. ఆ స్వరం దగ్గర మా హాలు ఒక పళ్లెం. సోఫా నడిమధ్యన ఉంది, దివాన్ అంచున ఉంది. మూలలో పెట్టిన సబ్ ఆ పళ్లాన్ని సరిగ్గా అంచు పట్టుకుని ఊపుతోంది.

ఇక్కడ మన చెవి ఇంకో మెలిక పెడుతుంది. 1933లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీశారు. 50 హెర్ట్జ్ స్వరం వినిపించడం మొదలవ్వాలంటేనే సుమారు 44 డెసిబెల్స్ కావాలి, వెయ్యి హెర్ట్జ్ స్వరానికి రెండు మూడు చాలు. కింది స్వరాలు మెల్లగా ఉంటే అసలు వినపడవు, వినపడడం మొదలయ్యాక మాత్రం గబగబా పెరుగుతాయి. మామూలు స్వరానికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అట్టడుగున అందులో సగం పెరిగినా అలాగే అనిపిస్తుంది. అంటే 62కూ 81కీ మధ్య ఉన్నది 19 అంకెల తేడా మాత్రమే కాదు. నాకు ఉందో లేదో తెలియని చప్పుడు ఆమెకు ఛాతీ మీద దెబ్బ.

గోతిని రిసీవర్ ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే అమరికతో, పూడ్చవచ్చు కదా అనుకున్నాను. పూడదు. నడుమ నీళ్లు కదలవని పళ్లాన్ని ఇంకా గట్టిగా ఊపితే అంచుల్లోనే ఒలుకుతాయి. పది డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పదింతల శక్తి పెట్టాలి, పెట్టినా గొయ్యి గొయ్యిగానే ఉంటుంది. గుట్టలను కోయవచ్చు, గోతులను నింపలేం. సబ్ చోటు మార్చాలి, లేదా మనిషి చోటు మారాలి.

చోటు వెతకడానికి పాత ఉపాయం ఒకటుంది. సబ్‌ను మనం కూర్చునే చోట పెట్టి, మనం నేల మీద పాకుతూ బేస్ ఎక్కడ నిండుగా, తడబడకుండా వినిపిస్తుందో చూడాలి. అక్కడ సబ్ పెడితే కూర్చునే చోట అలాగే వినిపిస్తుంది. సోఫా మీద సబ్ పెట్టి, మోకాళ్ల మీద, తల నేలకు వంచి గోడ వెంట పాకుతుంటే అమ్మ గుమ్మంలోంచి అడిగింది, "ఏమి పోగొట్టుకున్నావురా?" తర్వాత సబ్‌ను దివాన్ మీదికి మార్చి మళ్లీ పాకాను. పుస్తకాల్లో రాయని పని ఈ రెండోదే. రిసీవర్‌తో వచ్చే కాగితాల్లో బొమ్మ చూడండి, అయిదు స్పీకర్ల నడుమ ఒక్క కుర్చీ గీసి ఉంటుంది. ఏ ఇంట్లో అలా ఒక్క కుర్చీ ఉంది? మా ఇంట్లో ఒకరు సోఫాలో, ఒకరు దివాన్ మీద, పిల్లలు వస్తే కింద నాపరాతి మీద, పని చేసుకుంటూ చూసేవారు గుమ్మంలో. ఒక్క కుర్చీకి సరిచేయడం అంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడి ఇష్టాన్ని మిగతావాళ్ల మీద రుద్దడమే. నేను అది చెవితో చేశాను, మైకు ఉన్నవారు మైకుతో చేస్తున్నారు, అంతే తేడా.

రెండు పాకుళ్లలోనూ ఒకే చోటు కుదిరింది. పొడవు గోడకు సరిగ్గా మధ్యన, కిటికీ కింద. పళ్లాన్ని నడుమ పట్టుకుంటే ఆ ఊపు రాదు కదా. లెక్క కూడా అదే చెప్పింది. చిక్కల్లా, అక్కడ అమ్మ కుట్టు మిషను ఉంది.

ఆ బేరం వారం సాగింది. కిటికీ వెలుతురు పోతుందన్నది ఆమె వాదన, న్యాయమైనదే. చివరికి మిషను వాకిలి వైపు కిటికీ కిందికి వెళ్లింది, దాని నెత్తిన ఒక కొత్త లైటు వచ్చింది, ఖర్చు నాది. సబ్ కిటికీ కిందికి వచ్చింది. మళ్లీ కొలిస్తే 38 హెర్ట్జ్ దగ్గర సోఫాలో 70, దివాన్ మీద 73. దానికి బదులు 76 దగ్గర కొత్త గుట్ట లేచింది గానీ అది రెండు చోట్లా ఒకేలా ఉంది. రెండు చోట్లా ఉన్న గుట్టను ఒకే కోతతో దించవచ్చు, ఆరు డెసిబెల్స్ తగ్గించాను. అడ్డం వెడల్పు వల్ల 48 దగ్గర ఇంకో గొయ్యి మిగిలింది, సోఫా మధ్య సీటులో. దానికి నా దగ్గర మందు లేదు. పక్క సీటుకు జరిగాను.

చిన్న పనులు కొన్ని మిగిలాయి. స్పీకర్లన్నిటికీ సబ్‌కూ మధ్య హద్దు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను, దాని కిందివి సబ్‌కు, పైవి స్పీకర్లకు. రిసీవర్ సబ్ దూరాన్ని 19 అడుగులని చూపింది, టేపుతో కొలిస్తే అందులో సగం కూడా లేదు. సబ్ లోపలి సర్క్యూట్లలో జరిగే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కకడుతుంది, దిద్దకుండా అలాగే వదిలేయాలి. నాపరాతి మీద సోఫాకూ టీవీకీ నడుమ జంపఖానా, దాని కింద పాత బొంత పరిచాను. చప్పట్ల తోక తెగింది, మాటల అంచులు తేలాయి. బేస్‌కు బొంతా గింతా పట్టవు, అది వేరే సంగతి. గోడ అరలో ఒక గలగల మాత్రం చాలా సేపు దొరకలేదు. స్వరాన్ని ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ చెవి ఆనించి వెతికితే, 57 దగ్గర వడియాల డబ్బా మూత. గది ఎత్తు పది అడుగులకు లెక్క వేసినా వచ్చేది అదే అంకె. మూత కింద గుడ్డ ముక్క పెట్టాం.

ఇప్పుడు సినిమా మొదట్లో ఒకసారి శబ్దం పెట్టుకుంటే చివరి దాకా రిమోటు ముట్టుకోవడం లేదు. సబ్ ఉన్నట్టే తెలియదు, తీసేస్తే మాత్రం తెలుస్తుంది. మిత్రుడు వచ్చి విని, "బేస్ తగ్గించావా?" అన్నాడు. సోఫాలో ఎనిమిది డెసిబెల్స్ పెరిగిన గీత చూపించాను. "గీత వినడానికి రాలేదు" అన్నాడు. అతన్ని మార్చడం నా వల్ల కాలేదు.

ఇల్లు తుడిచేటప్పుడు సబ్‌ను జరపాలి కాబట్టి నేల మీద దాని నాలుగు మూలలకూ సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. అమ్మ తుడిచాక సరిగ్గా ఆ గుర్తుల్లోనే పెడుతుంది. పోయిన వారం ఎందుకో అనుమానం వచ్చి మైకు పెట్టి చూస్తే సబ్ 72 చూపింది. చోటు మారలేదు. వెనక మీటను చూస్తే నేను పెట్టిన గీత కంటే ఒక వెంట్రుకంత కిందికి ఉంది. వంటింట్లోకి చూశాను. ఆమె ఏమీ ఎరగనట్టు చింతపండు పిసుకుతోంది. మైకు మడిచి డబ్బాలో పెట్టేశాను. 72 దగ్గరే ఉంది ఇప్పటికీ.